కణితి పెరుగుతోంది, వెలుగు తగ్గుతోంది: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా సంస్థ ఉమ్మడి జంతు కేంద్రంలో రోగనిరోధక శక్తి లేని పది ఎన్‌ఎస్‌జీ చిట్టెలుకల చర్మం కింద రొమ్ము క్యాన్సర్ కణాలు ఎక్కించాం. నాలుగింటికే కణితులు వచ్చాయి. తప్పెక్కడ?

జవాబు: ఏ వరసలో ఎక్కించారో రాసుకున్నారా? కణితి రానివి చివరివైతే అనుమానం కణాలున్న గొట్టం మీదే. కణాలు అడుగుకు దిగిపోతాయి, ఆలస్యమైతే చచ్చిపోతాయి. ప్రతి ఎలుకకూ ముందు గొట్టాన్ని మెల్లగా కలపండి. ప్లేటు నుంచి కణాలు లేపినప్పటి నుంచి చివరి సూది దాకా గంట దాటనివ్వకండి.

కణాలు నిలదొక్కుకోవడానికి వాటితో కలిపి ఎక్కించే జెల్, మ్యాట్రిజెల్, మరో గొడవ. 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలెడుతుంది. దాన్ని ముందురోజు రాత్రే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వండి. సిరంజి, సూది, టిప్పులు కూడా ఐస్ మీదే ఉండాలి. జెల్‌ను చల్లగా ఉంచి సిరంజిని మర్చిపోతే లోపలే ముద్దకడుతుంది. 50 మైక్రోలీటర్ల పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం)లో 10 లక్షల కణాలు, దానికి అంతే జెల్, మొత్తం 100 మైక్రోలీటర్లు చాలు. ఎక్కించాక సూదిని చప్పున లాగేస్తే ద్రవం రంధ్రంలోంచి వెనక్కి కారుతుంది. కొన్ని క్షణాలు ఆగి, మెల్లగా తిప్పుతూ తీయండి. చర్మం కింద చిన్న బుడగ ఉబ్బి కనబడాలి.

మీవి ఎంసీఎఫ్-7 అనే రకం రొమ్ము క్యాన్సర్ కణాలైతే ఇదంతా పక్కన పెట్టి, ఈస్ట్రోజెన్ ఇచ్చారో లేదో ముందు చూసుకోండి. అది లేనిదే అవి సరిగా పెరగవు.

ప్రశ్న: కణాలకు మైకోప్లాస్మా (పెంచే కణాల్లో చేరే చిన్న బాక్టీరియా), ఎలుక వైరస్‌ల పరీక్ష నివేదిక లేనిదే కేంద్రం లోపలికి రానివ్వడం లేదు. రెండు వారాలు పోతున్నాయి. అంత అవసరమా?

జవాబు: అవసరమే. అక్కడి గదులు మీ ఒక్కరివి కావు. ఇంకో ఎలుకలో పెంచి తెచ్చిన రోగి కణితి ముక్కతో ఎలుక వైరస్ లోపలికి రావచ్చు. పాత మ్యాట్రిజెల్ బ్యాచ్‌లలోనూ ఎలుక రక్తంలో లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమును పెంచే వైరస్ దొరికింది. ఎందుకంటే ఆ జెల్‌ను తీసేది ఎలుక కణితి నుంచే. వైరస్ లేదని లేబుల్ మీద ఉన్నదే కొనండి. రోగనిరోధక శక్తి లేని ఎలుకల గదికి ఉదయం ముందుగా వెళ్లాలి. మిగతా గదులు తిరిగాక మళ్లీ అటు పోకూడదు.

ప్రశ్న: వెలుగు పుట్టించే ఎంజైము లూసిఫరేజ్ పెట్టిన కణాలతో ప్రయోగం చేస్తున్నాం. నాలుగో వారంలో కాలిపర్‌తో (పొడవు, వెడల్పు కొలిచే పరికరం) తీసే కణితి కొలత పెరుగుతోంది, కెమెరాలో వెలుగు తగ్గుతోంది. యంత్రం పాడైందా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు. ఆ వెలుగు పుట్టాలంటే ఆక్సిజన్, ఏటీపీ (బతికిన కణానికి శక్తినిచ్చే అణువు) రెండూ కావాలి. కణితి పెద్దదయ్యేకొద్దీ మధ్యభాగం చచ్చి, రక్తం అందక చీకటైపోతుంది. పొడవు 12, వెడల్పు 8 మిల్లీమీటర్లయితే (పొడవు × వెడల్పు × వెడల్పు ÷ 2) 384 ఘన మిల్లీమీటర్లు వస్తాయి. ఈ లెక్కకు చచ్చిన కణమూ, బతికిన కణమూ ఒకటే. కెమెరాకు బతికినవే కనబడతాయి.

కానీ ఆ మాట అనేముందు లూసిఫెరిన్ (లూసిఫరేజ్ వెలుగు పుట్టించడానికి వాడుకునే పదార్థం, బొమ్మ తీసేముందు ఎలుకకు సూదితో ఇచ్చేది) సంగతి తేల్చుకోవాలి. కిలోకు 150 మిల్లీగ్రాముల మోతాదంటే, మిల్లీలీటరుకు 15 మిల్లీగ్రాముల ద్రావణం నుంచి గ్రాము బరువుకు 10 మైక్రోలీటర్లు. 20 గ్రాముల ఎలుకకు 200. పొట్టలోకి ఇచ్చే సూది పేగులోకి దిగిందంటే ఆ రోజు ఆ ఎలుక మసకగా కనిపిస్తుంది, అంతే. ఒక్క ఎలుకలోనే ఒక్కసారిగా పడిపోయిందంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. మర్నాడు మళ్లీ తీయండి.

అన్నింటిలోనూ మెల్లగా తగ్గుతుంటే రెండు ఎలుకలకు సూది ఇచ్చి, 40 నిమిషాల పాటు రెండేసి నిమిషాలకో బొమ్మ తీసి, వెలుగు శిఖరం ఎప్పుడొస్తుందో గీసుకోండి. మొదటి వారంలో 12వ నిమిషానికి వచ్చింది ఇప్పుడు 20కి జరిగి ఉండవచ్చు. మీరు ఇంకా 12 దగ్గరే తీస్తుంటే తగ్గినట్టే కనబడుతుంది.