ఏడేళ్ల పాపకి ఛాతీ మీద గడ్డలా తగిలితే

పాపకి ఏడేళ్లే, ఒక పక్క చనుమొన కింద గడ్డలా ఉంది, ముట్టుకుంటే నొప్పంటోంది, క్యాన్సరేమో అని టెన్షన్ పడుతున్నారా? ఈ వయసులో అలా తగిలేది దాదాపు ఎప్పుడూ రొమ్ము మొగ్గేనండి, అంటే రొమ్ము పెరగడం మొదలవుతున్న గుర్తు. మా అమ్మాయి బోర్లా పడుకుని బొమ్మలేసుకునేది, ఉన్నట్టుండి అలా పడుకోవడం మానేసింది. చూస్తే ఎడమవైపు చొక్కా గుండీ అంత గట్టి బిళ్ల. కుడివైపు ఏమీ లేదు. ముందు ఒకవైపే రావడం మామూలే, రెండోది కొన్ని నెలలకి వచ్చింది. ఎవరైనా కోసి పరీక్షకి పంపుదామంటే వెంటనే ఒప్పుకోకండి. ఆ మొగ్గ దెబ్బతింటే ఆ వైపు రొమ్ము సరిగా పెరగదు.

అలాగని ఊరుకోకూడదు. ఆడపిల్లల్లో 8 ఏళ్లలోపే రొమ్ము పెరుగుదల మొదలైతే అది వయసుకి ముందే వచ్చే యవ్వనం కావచ్చు, పిల్లల హార్మోన్ల డాక్టరుకి చూపించాలి. పీరియడ్స్ వస్తే అప్పుడు చూద్దాం అనుకుంటారు చాలామంది. అవి వచ్చేది చివర్లో, మామూలుగా మొగ్గ కనిపించిన రెండు, రెండున్నరేళ్లకి. ఈలోపు కనిపెట్టాల్సింది ఎత్తు. మా పిల్లకి గౌన్లు, చెప్పులు గబగబా చాలకుండా పోతుంటే చూసినవాళ్లంతా బాగా ఎదుగుతోందని మురిసిపోయారు. కానీ ఎముకలూ అంతే వేగంగా ముదిరిపోతాయి. ఎదుగుదల ముందే ఆగిపోయి, క్లాసులో అందరికన్నా పొడుగున్న పిల్ల పెద్దయ్యాక పొట్టిగా ఉండిపోవచ్చు.

డాక్టర్ ఎముకల వయసు కోసం ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించారు, రక్తంలో యవ్వనాన్ని నడిపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు చూశారు, పొట్ట స్కానింగ్ చేయించారు. మెదడుకి తీసే ఎంఆర్ఐ స్కాన్ అందరికీ అక్కర్లేదు. 6 ఏళ్లలోపు పిల్లలకి మాత్రం సాధారణంగా తీయిస్తారు. ఆడపిల్లల్లో ఎక్కువమందికి ప్రత్యేకమైన కారణమేదీ దొరకదు. నెమ్మదిగా సాగితే గమనిస్తూ ఉంటే చాలు. మా అమ్మాయికి వేగంగా సాగడంతో ఇంజెక్షన్లు పెట్టారు. వాటితో ఈ మార్పులు ఆగుతాయి, ఆపేశాక మళ్లీ మామూలుగా మొదలవుతాయి. రొమ్ము పెరగకుండా చెమట వాసన, చంకలో వెంట్రుకలు మాత్రమే వస్తే అది చాలాసార్లు కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి వల్ల, దాని దారి వేరు. తలనొప్పులు, చూపు మసకబారడం, పీరియడ్స్‌లా రక్తం కనిపించడం, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి.

పాపతో దాచకుండా మాట్లాడండి. మా అమ్మాయి "నాకేమైనా జబ్బా?" అని అడిగింది. కాదు, నీ ఒళ్లు కాస్త తొందరపడుతోంది అని చెప్పాను. పొడుగ్గా ఉందని అందరూ పదేళ్ల పిల్లలా చూస్తారు, మనసు ఏడేళ్లదే. టీచరుకీ ఈ మాట చెప్పి ఉంచండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు స్కూల్లో ఏటా రాసిన ఎత్తు, బరువుల కాగితాలు పట్టుకెళ్లండి, మొదట అడిగేవి అవే.