కొత్త స్పీకర్లకు తగిన రిసీవర్ ఏది?

ప్రశ్న: ఇటీవల 5.1 (ఐదు స్పీకర్లు, లోతైన శబ్దాల కోసం ఒక సబ్‌వూఫర్) హోమ్ థియేటర్ కోసం కొత్త స్పీకర్లు కొన్నాను. ముందు వైపు నిలబెట్టే రెండు స్పీకర్లకు సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకె) 2.83 వోల్టుల దగ్గర, ఒక మీటరు దూరంలో 86 డెసిబెల్స్ అనీ, ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకర్ కలిగించే అడ్డు) 4 ఓమ్‌లు అనీ, తగిన యాంప్లిఫైయర్ శక్తి 30 నుంచి 150 వాట్లు అనీ కంపెనీ కాగితంలో ఉంది. సెంటర్ స్పీకరూ, వెనుక స్పీకర్లూ అదే సిరీస్‌లోని 6 ఓమ్‌ల రకం. సబ్‌వూఫర్‌కు సొంత యాంప్లిఫైయర్ ఉంది. మేము కూర్చునే చోటు ముందు స్పీకర్లకు సుమారు 3 మీటర్ల దూరంలో ఉంటుంది. ఏడేసి చానెళ్లున్న రెండు రిసీవర్లను (స్పీకర్లను నడిపే యాంప్లిఫైయర్ ఉన్న పెట్టెలను) చూసిపెట్టుకున్నాను. మొదటిదాని పెట్టె మీద చానెల్‌కు 150 వాట్లు అని పెద్ద అక్షరాలతో వేసి, కింద చిన్న అక్షరాలతో 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, ఒక చానెల్ అని రాశారు. రెండోది 90 వాట్లదే గానీ ధర ఎక్కువ. దాని మీద 8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం డిస్టార్షన్, రెండు చానెళ్లు అని ఉంది. స్పీకర్లు 150 వాట్లవి కాబట్టి మొదటిదే సరైన జోడీ అని ఒక మిత్రుడు అంటున్నాడు. ఈ స్పీకర్ల ధ్వని కాస్త పదునుగా ఉంటుంది కాబట్టి మెత్తని స్వభావం గల రిసీవర్ వెతుక్కోమని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: రెండో రిసీవర్ తీసుకోండి. అయితే కొనే ముందు దాని మాన్యువల్ తెరిచి, 4 ఓమ్‌ల స్పీకర్లను కలపవచ్చని అందులో స్పష్టంగా ఉందో లేదో చూడండి. మీ స్పీకర్ల విషయంలో 150కీ 90కీ మధ్య ఉన్న తేడా కన్నా ఆ ఒక్క వాక్యమే ముఖ్యం.

స్పీకర్ మీద రాసిన వాట్లను రిసీవర్ మీద రాసిన వాట్లతో సరితూచాలన్నది చాలామందిలో పాతుకుపోయిన అపోహ. స్పీకర్ శక్తిని పుట్టించదు. వాల్యూమ్ ఎంత పెంచితే అంత శక్తినే రిసీవర్ నుంచి తీసుకుంటుంది. ఆ 150 అనే అంకె, అంతకు మించిన శక్తిని అదే పనిగా పంపితే లోపలి కాయిల్ వేడెక్కి పాడవుతుందని తయారీదారు చేసే హెచ్చరికే తప్ప, అంత శక్తి గల రిసీవర్ ఉండాలన్న షరతు కాదు. నిజానికి స్పీకర్లు కాలిపోయే సందర్భాల్లో చాలా వరకు తప్పు పెద్ద యాంప్లిఫైయర్‌ది కాదు. చిన్న యాంప్లిఫైయర్‌ను దాని శక్తికి మించి మోగించినప్పుడు శబ్ద తరంగాల శిఖరాలు తెగిపోయి, ఆ తెగిన తరంగంలో పుట్టే అదనపు శక్తి సన్నని ధ్వనులను పలికించే ట్వీటర్ మీద పడుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు.

ఇక పెట్టెల మీది అంకెల సంగతి. యాంప్లిఫైయర్ శక్తిని కొలిచేటప్పుడు నాలుగు షరతులు ఫలితాన్ని మారుస్తాయి: ఎన్ని ఓమ్‌ల భారం మీద కొలిచారు, ఏ పౌనఃపున్యాల మధ్య కొలిచారు, ఎంత డిస్టార్షన్‌ను (ధ్వని వికృతం కావడాన్ని) అనుమతించారు, ఒకేసారి ఎన్ని చానెళ్లను పనిచేయించారు. మొదటి రిసీవర్ ఈ నాలుగింటిలోనూ తనకు అనుకూలమైన షరతునే ఎంచుకుంది. తక్కువ ఓమ్‌ల మీద అంకె పెరుగుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రమే కొలిస్తే అసలు శ్రమంతా ఉండే తక్కువ పౌనఃపున్యాల పరీక్ష తప్పిపోతుంది. 10 శాతం డిస్టార్షన్ దాకా వెళ్లనిస్తే, శుభ్రమైన ధ్వని దగ్గర ఆగినప్పటి కన్నా అంకె సుమారు పావు వంతు పెరుగుతుంది. ఒక్క చానెల్‌నే పనిచేయిస్తే విద్యుత్ సరఫరా భాగం మొత్తం దానికే అందుతుంది. రెండో రిసీవర్ కొలత చాలా కఠినమైన షరతుల మీద జరిగింది. ఒకే విధంగా కొలిస్తే 90 వాట్లదే ముందుంటుందని నా అంచనా. అన్ని చానెళ్లూ ఒకేసారి మోగినప్పుడు అది కూడా ఒక్కో చానెల్‌కు 90 వాట్లు ఇవ్వలేదు, అయితే సినిమాలో అన్ని చానెళ్లకూ ఒకే క్షణంలో గరిష్ఠ శక్తి అవసరం కావడం అరుదు.

అసలు మీకు ఎంత శక్తి కావాలో మీ దగ్గరున్న అంకెలతోనే లెక్క వేయవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2.83 వోల్టులు 8 ఓమ్‌ల స్పీకర్‌లో 1 వాట్ శక్తిని పంపుతాయి, 4 ఓమ్‌ల స్పీకర్‌లో 2 వాట్లను పంపుతాయి. కాబట్టి మీ స్పీకర్ 86 డెసిబెల్స్ ఇచ్చేది 2 వాట్లకు. ఒక్క వాట్‌కు లెక్కిస్తే అది 83 మాత్రమే. అంటే మీవి శక్తిని బాగా ఆశించే స్పీకర్లు. మీటరు నుంచి 3 మీటర్లకు వెళ్లేసరికి ఆరుబయట అయితే 9.5 డెసిబెల్స్ తగ్గాలి. గదిలో గోడలు కొంత తిరిగి ఇస్తాయి కాబట్టి, సుమారుగా 6 డెసిబెల్స్ తగ్గుతుందనుకుందాం. అప్పుడు మీరు కూర్చున్న చోట 2 వాట్లకు 80 డెసిబెల్స్ వినిపిస్తుంది. ఇళ్లలో సంభాషణలు వినే స్థాయి దీనికన్నా తక్కువే, అంటే ఎక్కువ సమయం మీ రిసీవర్ ఒక వాట్ కన్నా తక్కువ శక్తితోనే పనిచేస్తుంది.

శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. 10 డెసిబెల్స్ పెరగాలంటే పది రెట్లు కావాలి. సినిమా హాళ్ల ప్రమాణ స్థాయిలో ఒక్కో ప్రధాన చానెల్ నుంచి శిఖరాలు 105 డెసిబెల్స్ దాకా వెళ్తాయి. మీ స్పీకర్లతో అంత స్థాయికి చేరాలంటే 25 డెసిబెల్స్ పెరగాలి, అంటే 2 వాట్లకు 316 రెట్లు, సుమారు 630 వాట్లు కావాలి. ఏ రిసీవరూ అంత ఇవ్వదు, మీ స్పీకర్లు కూడా తట్టుకోలేవు. కంగారు పడకండి, ఇంట్లో ఎవరూ ఆ స్థాయిలో వినరు. ప్రమాణ స్థాయికి 10 డెసిబెల్స్ తక్కువగా, అంటే రిసీవర్ వాల్యూమ్‌లో మైనస్ 10 దగ్గర వింటేనే చాలా పెద్ద శబ్దం అనిపిస్తుంది. ఆ స్థాయిలో శిఖరాలు 95 డెసిబెల్స్. దానికి 63 వాట్లు చాలు. ఇంకా తగ్గించి మైనస్ 20 దగ్గర వింటే 6 వాట్లు సరిపోతాయి. పైగా 80 హెర్ట్జ్ కింది శబ్దాలను సబ్‌వూఫర్‌కు మళ్లిస్తే రిసీవర్ మీద భారం బాగా తగ్గుతుంది. ఇలా చూస్తే 90కీ 110కీ మధ్య తేడా ఒక డెసిబెల్ కూడా కాదు. అంకె కొంచెం పెద్దదన్న కారణంతో ఎక్కువ డబ్బు పెట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

అసలు గండం ఇంపెడెన్స్. స్పీకర్ మీద రాసే 4 ఓమ్‌లు ఒక నామమాత్రపు విలువ. పౌనఃపున్యాన్ని బట్టి అది మారుతూ ఉంటుంది, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రాసిన విలువలో 80 శాతం దాకా దిగవచ్చు. అంటే మీ స్పీకర్లు కొన్ని పౌనఃపున్యాల దగ్గర 3.2 ఓమ్‌లకు దిగవచ్చు. ఒకే వోల్టేజ్ దగ్గర 8 ఓమ్‌ల స్పీకర్ కన్నా 4 ఓమ్‌ల స్పీకర్ రెట్టింపు కరెంటును లాగుతుంది. 8 ఓమ్‌ల మీద 100 వాట్లు ఇచ్చే యాంప్లిఫైయర్ దాదాపు 28 వోల్టులు పంపుతుంది. అదే వోల్టేజ్‌ను 4 ఓమ్‌ల మీద నిలపాలంటే 7 ఆంపియర్లు, 200 వాట్లు కావాలి. ఖరీదైన విడి యాంప్లిఫైయర్లు దీనికి దగ్గరగా వస్తాయి, మామూలు రిసీవర్లు రావు. అవి వేడెక్కి, రక్షణ వలయం పనిచేసి, సినిమా మధ్యలో ఆగిపోవచ్చు. అందుకే 6 ఓమ్‌ల కన్నా తక్కువ వద్దని రాసి ఉన్న రిసీవర్‌ను, దాని మీద ఎంత పెద్ద అంకె ఉన్నా, మీరు కొనకూడదు. మాన్యువల్‌లో 4 ఓమ్‌లకు విడిగా వాట్ల కొలత కూడా ఇచ్చి ఉంటే, తయారీదారు దాన్ని నిజంగా పరీక్షించి చూశాడని నమ్మవచ్చు. రెండు రిసీవర్లనూ చేత్తో ఎత్తి చూడగలిగితే బరువైనదే మేలు, ఎందుకంటే సంప్రదాయ రిసీవర్లలో బరువులో చాలా భాగం ట్రాన్స్‌ఫార్మర్‌ది, వేడిని చెదరగొట్టే లోహపు పలకలది.

పదునైన స్పీకర్‌కు మెత్తని రిసీవర్ అన్న సలహాను పక్కన పెట్టండి. పరిమితి దాటకుండా పనిచేసే రిసీవర్లన్నీ వినికిడి శక్తికి అందే పౌనఃపున్యాలను దాదాపు సమానంగానే పెద్దవి చేస్తాయి. వాటి మధ్య ఉండే తేడా, స్పీకర్‌ను గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరిపితే వచ్చే తేడా ముందు తేలిపోతుంది. ధ్వని పదునుగా ఉందనిపిస్తే ముందు గదిని చూడాలి. నున్నని నేల, ఉత్త గోడలు, గాజు కిటికీలు ఉన్న గదిలో ఏ స్పీకరైనా చెవులకు గుచ్చుకుంటుంది. మందపాటి తెరలు, ముందు స్పీకర్లకూ సోఫాకూ మధ్య ఒక తివాచీ వేస్తే ఏ రిసీవరూ తేలేని మార్పు వస్తుంది.

రిసీవర్ల మధ్య నిజమైన తేడా గదిని కొలిచి సరిదిద్దే వ్యవస్థలో ఉంది. మిగిలే డబ్బును వాట్ల మీద కాకుండా దీని మీద పెట్టమని నా సలహా. డెనాన్, మరాంట్జ్ రిసీవర్లలో ఆడిసీ, యమహాలో వైపావ్, ఆంకియో, ఇంటెగ్రాలలోని కొన్ని మోడళ్లలో డిరాక్ లైవ్ ఉంటాయి. ఇవన్నీ మైక్రోఫోన్‌తో కూర్చునే చోట్ల కొలతలు తీసుకుని, గది పెంచిన లేదా మింగేసిన ధ్వనులను సరిదిద్దడానికి ప్రయత్నిస్తాయి. వీటి అసలు ప్రయోజనం 200 – 300 హెర్ట్జ్ కింద ఉంటుంది, ఎందుకంటే అక్కడ స్పీకర్ కన్నా గది ప్రభావమే ఎక్కువ. అంతకు పైన మరీ ఎక్కువగా సరిదిద్దితే మంచి స్పీకర్ స్వభావమే చెడవచ్చు. అందుకే సరిదిద్దే పరిధిని ఎక్కడ ఆపాలో మీరే నిర్ణయించుకునే వీలున్న వ్యవస్థను ఎంచుకోండి. కొలత పూర్తయ్యాక, రిసీవర్ మీ ముందు స్పీకర్లను లార్జ్ అని గుర్తించి ఉండవచ్చు. దాన్ని స్మాల్‌కు మార్చి, క్రాసోవర్‌ను (ఏ పౌనఃపున్యం కింది శబ్దాలు సబ్‌వూఫర్‌కు మళ్లాలో చెప్పే హద్దును) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. నిలువెత్తు స్పీకర్లను స్మాల్ అనడం కొందరికి మనసొప్పదు, అయితే ఆ మాట స్పీకర్ పరిమాణం గురించి కాదు, తక్కువ పౌనఃపున్యాలను ఎవరు మోయాలన్న దాని గురించి.

ఇక మిగిలినవి క్లుప్తంగా. ఏడు చానెళ్లున్న రిసీవర్‌లో ఇప్పటి 5.1 కాక, రేపు పైకప్పులో రెండు స్పీకర్లు పెట్టి డాల్బీ అట్మాస్ కోసం 5.1.2 చేసుకునే వీలుంటుంది. వెనుక ప్యానెల్ మీద ముందు చానెళ్లకు ప్రీ అవుట్ (విడి యాంప్లిఫైయర్‌కు సంకేతాన్ని పంపే) సాకెట్లు ఉంటే మరీ మంచిది. ఎప్పుడైనా శక్తి చాలదనిపిస్తే 4 ఓమ్‌ల ముందు స్పీకర్లకు ఒక విడి యాంప్లిఫైయర్ తగిలించవచ్చు, రిసీవర్‌ను మార్చనక్కరలేదు. రిసీవర్‌ను మూసిన అరలో పెట్టకండి, మీ స్పీకర్లతో అది మామూలు కన్నా ఎక్కువగా వేడెక్కుతుంది.

ప్రశ్న: నావి కూడా 4 ఓమ్‌ల స్పీకర్లే. రిసీవర్ మెనూలో 8 ఓమ్‌లు, 4 ఓమ్‌లు అని ఒక సెట్టింగ్ ఉంది. 4 ఓమ్‌లకు మారిస్తే ధ్వని బాగుపడుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: బాగుపడదు. చాలా రిసీవర్లలో ఈ సెట్టింగ్ యాంప్లిఫైయర్‌కు అందే వోల్టేజ్‌ను తగ్గించి వేడిని అదుపులో ఉంచుతుంది. దానితో పాటు గరిష్ఠ శక్తీ తగ్గుతుంది, క్లిప్పింగ్ ముందే మొదలవుతుంది. మాన్యువల్ 4 ఓమ్‌లకు మార్చాల్సిందేనని చెబితే వారంటీ దృష్ట్యా మార్చండి. అలా చెప్పకపోతే 8 దగ్గరే ఉంచి, చుట్టూ గాలి ఆడేలా చూసుకుని, మితమైన శబ్దంతో వినండి. రిసీవర్ పై భాగం చేయి ఆనించలేనంత వేడెక్కినా, తరచుగా ఆగిపోతున్నా అప్పుడు 4కు మార్చవచ్చు.

ప్రశ్న: నేను చూసిన రిసీవర్‌లో 4కె 120 హెర్ట్జ్ దృశ్యాన్ని దాటించే హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఒక్కటే ఉంది. నా దగ్గర రెండు గేమ్ కన్సోళ్లు ఉన్నాయి. అలాంటి ఇన్‌పుట్లు మూడున్న ఖరీదైన మోడల్‌కు వెళ్లాలా?
– ఒక పాఠకుడు

జవాబు: టీవీలో ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగ మీదుగా రిసీవర్‌కు వెనక్కి పంపే ఏర్పాటు) ఉంటే అక్కరలేదు. రెండో కన్సోల్‌ను నేరుగా టీవీకి కలిపి, శబ్దాన్ని మాత్రం ఈఆర్క్ తీగ ద్వారా రిసీవర్‌కు పంపండి. పాత ఆర్క్ ద్వారా బహుళ చానెళ్ల శబ్దం కుదించిన రూపంలోనే వెళ్తుంది, డాల్బీ ట్రూహెచ్‌డీ లాంటి నష్టం లేని రకాలు వెళ్లవు; ఈఆర్క్ వాటిని కూడా మోస్తుంది. అయితే రిసీవర్, టీవీ రెండింటిలోనూ ఈఆర్క్ ఉండాలి, రెండు మెనూల్లోనూ దాన్ని ఆన్ చేసి ఉండాలి. మిగిలే డబ్బుతో ఇంకో సబ్‌వూఫర్ కొనుక్కోవచ్చు. ఒక్కటే ఉన్నప్పుడు సోఫాలో ఒక చోట దడదడలాడి, పక్క చోట మాయమయ్యే బాస్‌ను రెండు సబ్‌వూఫర్లు చాలా వరకు సమం చేస్తాయి.

ప్రశ్న: వెనుక స్పీకర్లకు 10 మీటర్ల తీగ లాగాలి. అవి 6 ఓమ్‌లవి. ఎంత మందం తీగ వాడాలి?
– ఒక పాఠకుడు

జవాబు: రాకపోకలు కలిపి తీగ నిరోధం, స్పీకర్ ఇంపెడెన్స్‌లో 5 శాతం దాటకుండా చూసుకోవడం వాడుకలో ఉన్న కొలమానం, మీకు అది 0.3 ఓమ్‌లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల స్వచ్ఛమైన రాగి తీగ 10 మీటర్ల దూరానికి సుమారు 0.23 ఓమ్‌లు వస్తుంది కాబట్టి సరిపోతుంది. గోడలో శాశ్వతంగా దాచే పనైతే 2.5 చదరపు మిల్లీమీటర్లది వేయండి, తర్వాత స్పీకర్లు మార్చినా ఇబ్బంది ఉండదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చౌకగా దొరుకుతుంది గానీ, అదే మందంలో నిరోధం ఎక్కువ. కొనేటప్పుడు చివర గీకి చూడండి. కలిపేటప్పుడు ఎరుపు టెర్మినల్ ఎరుపుకు, నలుపు నలుపుకు వెళ్లేలా చూసుకోండి. ఒక స్పీకర్‌కు తారుమారైతే రెండు స్పీకర్ల బాస్ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటుంది.