గాళ్లలో నూనె పోయకు

తమ్ముడూ,

దేవరకొండ నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. కలెక్టరాఫీసు ముందు వేపచెట్టు, అర్జీ రాయించుకోను వచ్చిన ముసలవ్వ కొంగుముడి, అంతా కళ్లకు కట్టింది. ఒక్కచోట ఆగిపోయాను. అక్షరాలు అతుక్కుంటుంటే మెకానిక్ వచ్చి టైపు మిషన్ నిండా నూనె పోస్తాడని రాశావు. పని తెలిసినవాడెవడూ ఆ పని చేయడు.

మిషన్ మధ్యలో అర్ధచంద్రంలా ఒక ఇనుప దిమ్మ ఉంటుంది. దానికి దువ్వెన సందుల్లాంటి సన్నటి గాళ్లు. 40కి పైగా అక్షరాల కడ్డీలు ఆ గాళ్లలోంచే లేచి, రిబ్బన్‌ను కొట్టి, వెనక్కి పడతాయి. అక్కడ నూనె పడిందంటే దుమ్ము, సిరా, రబ్బరు పొట్టు అన్నీ కలిసి జిగురైపోతాయి. ఆ గాళ్లు పొడిగానే ఉండాలి. కొత్తలో నేనూ కొబ్బరినూనె వేశాను. ఎండాకాలమంతా బాగానే నడిచింది. పుష్యమాసం చలికి ఆ నూనె పేరుకుంది. పొద్దున్నే 'క' కొడితే లేచిన కడ్డీ లేచినట్టే నిలబడింది. వేలితో వెనక్కి లాగాల్సి వచ్చింది.

అప్పుడు వచ్చిన మెకానిక్ పక్కనే కూర్చుని చూశాను. మిషన్‌ను ఆరుబయటికి తెచ్చాడు. పెట్రోల్ తగిలితే రబ్బరు పాడవుతుందని రోలర్ మీద గుడ్డ కప్పాడు. పళ్లు తోమే బ్రష్‌ను పెట్రోల్‌లో ముంచి, ఒక్కో కడ్డీని లేపుతూ దించుతూ గాళ్లు రుద్దాడు. నల్లటి మడ్డి కారింది. గుడ్డతో అద్ది, మళ్లీ రుద్దాడు. మూడోసారికి కడ్డీ దానంతటదే టప్పున వెనక్కి పడింది. నూనె బుడ్డి తీసింది అప్పుడే. కుట్టు మిషన్ నూనె. సూది మొనకు అంటించి, కాగితాన్ని మోసే క్యారేజీ నడిచే పట్టాల మీద ఒక్కో చుక్క పెట్టి, అటూఇటూ జరిపి, మిగిలింది తుడిచేశాడు.

నీ కథలోకి ఆ మడ్డి రావాలి, ఆ టప్పుమనే చప్పుడు రావాలి.

ఇంకొకటి. 1952 ఎన్నికల నాటి కథలో గోద్రెజ్ మిషన్ పెట్టావు. గోద్రెజ్ మిషన్లు వచ్చింది 1955లో. రెమింగ్టన్ అని మార్చు.

ఆదివారం నల్లగొండ రా. అటక మీద నా మిషన్ రెండేళ్లుగా దుమ్ము పట్టి ఉంది. పాత చొక్కా వేసుకుని రా, బ్రష్ నీ చేతికిస్తాను. ఆ సీన్ తర్వాత రాద్దువుగాని.

నీ అన్న