నీ గుంటడి చేత అబద్ధం ఆడించు

బాబూ,

నీ నవల అందింది, చదివాను. ఒడిశాలో మన బరంపురం వీధులు బాగా వచ్చాయి, తాతయ్య మగ్గం దగ్గర కూర్చునే సీను బాగుంది. పొగడ్త అయిపోయింది, ఇక రైలు సంగతికి వద్దాం.

నీ నవల్లో గుంటడు, అదే ఆ కుర్రాడు, ప్లస్ టూ చదవడానికి భువనేశ్వర్ హాస్టల్‌కి వెళ్తున్నాడు, ఎదురు సీట్లో పెద్దాయన ‘ఘొరొ కెఉంఠి’, ఇల్లెక్కడ అని ఒడియాలో అడిగాడు, వీడు ‘కటక్’ అన్నాడు. పుట్టిందీ పెరిగిందీ బరంపురంలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు, నోరు తెరిస్తే కటక్! అమ్మయ్య, నవల ఇప్పుడు మొదలైందిరా అని ముందుకి జరిగి కూర్చున్నాను, తీరా చూస్తే తర్వాతి వాక్యంలోనే చిలికా సరస్సు వచ్చేసింది. రెండు పేజీలు నీళ్ళు, పక్షులు, పడవలు, ‘అతను ఒంటరి’, మళ్ళీ నీళ్ళు. మరి ఆ పెద్దాయన ఏమైపోయాడు? రంభ స్టేషన్లో దిగిపోయాడా? నాకు ఒళ్ళు మండిపోయింది, కాగితాలు పక్కన పడేసి వీధిలోకి వెళ్ళిపోయాను.

నాదో మొండి నమ్మకం, దీని మీద చాలామందితో గొడవ కూడా పడ్డాను. ఆ వయసులో ఒంటరివాడు కిటికీ పక్కన కూర్చుని మౌనంగా ఉంటాడని రాసేవాళ్ళు ఆ వయసు మర్చిపోయినవాళ్ళు. వాడు వాగుతాడయ్యా. అబద్ధాలాడతాడు. లేని చుట్టాల్ని పుట్టిస్తాడు, చూడని సినిమా కథ చెప్తాడు, ఒకటి నిలబెట్టుకోడానికి ఇంకోటి ఆడతాడు, చివరికి నిజం తెలిసినవాళ్ళ మొహం చూడలేక తప్పించుకు తిరుగుతాడు, అందులో మొట్టమొదట తప్పించుకునేది వాళ్ళమ్మ నుంచి.

నా సంగతే చెప్తాను. పర్లాకిమిడి నుంచి బరంపురం వచ్చి హాస్టల్లో చేరినప్పుడు మా రూములో మిగతావాళ్ళందరికీ ఎవరో ఒకరు ఉద్యోగస్తులున్నారు, మా నాన్న రైస్ మిల్లులో గుమస్తా. మా అన్నయ్య ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నాడని చెప్పేశాను. నాకు అన్నయ్యే లేడు. ఒకసారి చెప్పాక ఊరుకుంటారా, ఎక్కడ పోస్టింగ్ అని అడిగారు, జోధ్‌పూర్ అన్నాను, ఉత్తరాలు రావేంటన్నారు, సీక్రెట్ డ్యూటీ అన్నాను, కొన్నాళ్ళకి ప్రమోషన్ ఇచ్చాను, ఆ తర్వాత పెళ్ళి కూడా చేసేశాను. పెళ్ళి చేశావు కదా పార్టీ ఏదిరా అని పట్టుకున్నారు. మెస్ డబ్బులు పెట్టి అందరికీ రసగుల్లాలు కొన్నాను, నెలాఖరు దాకా పస్తులు. వాళ్ళు తింటుంటే నవ్వుతూ కూర్చున్నాను చూడు, అంత మంది మధ్యలో అంత ఒంటరిగా మళ్ళీ ఎప్పుడూ లేను. మా నాన్న నన్ను చూడ్డానికి వస్తానంటే వద్దని రాశాను.

ఆ అన్నయ్య మీదే మొదటి కథ రాసి ఒక పత్రికకి పంపాను. యువతకి అబద్ధాలు నేర్పేలా ఉంది, చివర్లో హీరో పశ్చాత్తాపపడితే వేసుకుంటాం అని జవాబొచ్చింది. ఇంకో ఎడిటర్ గారు కథ వేసుకున్నారు గానీ పర్లాకిమిడి మన పాఠకులకి తెలీదండీ అని శ్రీకాకుళం చేసేశారు, నా మనుషుల మాటలన్నీ తీసేసి కృష్ణా జిల్లా మాటలు పెట్టారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది! ఆగస్టు 29 వచ్చిందంటే ఆయన ఫోటోకి దండేసి వాడుక భాష గొప్పదని ఉపన్యాసాలిస్తారు, మర్నాడు మన యాస కనిపిస్తే ఎర్ర సిరా. సరే, వాళ్ళ గొడవ ఇప్పుడెందుకులే.

నువ్వు ఉత్తరంలో ‘ద కాచర్ ఇన్ ద రై’ పేరెత్తావు కాబట్టి అంటున్నాను. 1951లో వచ్చిన ఆ అమెరికన్ నవల చదివి మనవాళ్ళు అందులో కుర్రాడు హోల్డెన్ టోపీ తీసుకున్నారు, సిగరెట్లు తీసుకున్నారు, లోకం మీద విసుగు తీసుకున్నారు, వాడి అబద్ధాలు మాత్రం అక్కడే వదిలేశారు. వాడూ రైల్లోనే కదా, క్లాస్‌మేట్ తల్లి కనిపిస్తే హాస్టల్ నౌకరు పేరు తన పేరని చెప్తాడు, వాడికి అసహ్యమైన ఆ కొడుకుని ఆవిడ ముందు ఆకాశానికెత్తేస్తాడు, ఇంటికి ముందుగా ఎందుకెళ్తున్నావంటే మెదడులో గడ్డ ఉంది, ఆపరేషన్ అంటాడు. చదువుతుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే వాడికి ఎవరూ లేరని తెలుస్తుంది. ఎక్కడా ఎవరూ చెప్పక్కర్లేకుండా.

ఇప్పుడు నీ పెద్దాయన్ని మళ్ళీ సీట్లో కూర్చోబెట్టు. ఆయనదీ కటకే అనుకో. కటక్‌లో ఎక్కడ బాబూ అంటాడు, వీడికి తెలిసిందల్లా బాదంబాడి, అదీ పాత బస్టాండ్ పేరు కాబట్టి. ఆయన నవ్వుతాడు. అప్పుడే వాళ్ళమ్మ ఫోన్. ఎత్తితే తెలుగులో మాట్లాడాలి. ఎత్తడు, జేబులోనే నొక్కేస్తాడు, ఆవిడ మళ్ళీ చేస్తుంది, మళ్ళీ నొక్కేస్తాడు, అన్నం తిన్నావా అని అడగడానికే చేస్తోందని వాడికి తెలుసు. పులిహోర డబ్బా సంచిలోంచి బయటికి తియ్యలేడు. తర్వాత భువనేశ్వర్ వస్తుంది, వాడు దిగాల్సింది అక్కడ, కానీ కటక్ అన్నాడే! దిగుతాడా? నేనైతే దింపను. కటక్ దాకా తీసుకుపోయి, స్టేషన్ బయట ఆ పెద్దాయనకి దణ్ణం పెట్టించి, రాత్రి బస్సులో భువనేశ్వర్ వెనక్కి పంపిస్తాను.

మూడో చాప్టర్లో 1936 గురించి రాసిన మూడు పేజీలూ తీసెయ్. ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిందీ, బరంపురం, పర్లాకిమిడి ఇటొచ్చాయీ, పంతులు గారు పర్లాకిమిడి వదిలి వెళ్ళిపోయారూ, అదంతా నీకూ నాకూ బాధే గానీ పదహారేళ్ళవాడికి రైల్లో ఆ ముసలాయన కనిపెట్టేశాడా లేదా అన్నదే బాధ. చివర్లో కౌన్సెలర్ వచ్చి వాడికేమైందో వివరించే చాప్టర్ కూడా వద్దు. నిజ జీవితంలో పిల్లల్ని తప్పకుండా చూపించండి, నవల్లో మాత్రం పాఠకుడికి వాణ్ణి విప్పి చెప్పే డాక్టర్ని పెట్టకండి, ఈమధ్య వచ్చే ప్రతి నవల్లోనూ ఒకరు దాపురిస్తున్నారు. ‘వర్షం. కిటికీ. అతను.’ లాంటి ఒంటి మాట వాక్యాలు కూడా ఫ్యాషనే, తగ్గించు.

ఇంకోటి, ఠాకురాణి యాత్ర, మన బరంపురం అమ్మవారి జాతర. రెండేళ్ళకోసారి ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటుంది, మొక్కుకున్నవాళ్ళు వేషాలు కట్టి తిరుగుతారు, నీ గుంటడేమో మేడ మీద నుంచి చూస్తున్నాడు. మేడ మీద ఏం పనయ్యా వాడికి? కిందికి దింపు, వాళ్ళమ్మ మొక్కుందని పులి వేషం కట్టించు, క్లాసులో వాడితో మాట్లాడనివాడి పక్కనే గంతులేయించు. అవతలివాడు గుర్తుపట్టకపోతే వీడికి సంతోషమా ఏడుపా, అది నేను చెప్పలేను, రాసేవాడివి నువ్వు.

టైటిల్ గురించీ పబ్లిషర్ గురించీ ఏవో అడిగావు, తర్వాత చూద్దాం. ముందుమాట మాత్రం నన్ను అడక్కు. ముందు రైలు చాప్టర్ ఒక్కటే తిరగరాసి పంపు, పీడీఎఫ్ వద్దు, కళ్ళు నొప్పులు. బరంపురం నుంచి ఇటు ఎవరైనా వస్తుంటే ప్రింట్ తీసి పెద్ద అక్షరాల్లో ఇచ్చి పంపించు.

ఇట్లు
మాస్టారు
పర్లాకిమిడి