నాన్నగారి చిగుళ్ల ఆపరేషన్: మైక్రో సర్జరీయా, మామూలు ఫ్లాపా?

ఒంగోలులో మామూలు ఫ్లాప్ సర్జరీ (చిగురు తెరిచి శుభ్రం చేసేది) చెప్పారు, నెల్లూరులో ఎక్కువ ఖర్చుతో మైక్రో సర్జరీ (మైక్రోస్కోపులో చూస్తూ సన్నటి దారంతో కుట్టేది) అంటున్నారు, ఏది మేలని అడిగారు. ఏ పళ్ళకో రాయలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

దవడ పళ్ళ చుట్టూ 6, 7 మిల్లీమీటర్ల పాకెట్లు (పంటికీ చిగురుకీ మధ్య పడిన లోతైన సందులు) వరసగా ఉంటే మామూలు ఫ్లాప్ చాలు. చిగురు తెరిచి, వేరు మీది గార కంటికి కనపడేలా చేసి గీకేయడమే అక్కడ పని. మైక్రోస్కోపుతో అంత వెనక్కి చూడటం కష్టం, టైమూ ఎక్కువ పడుతుంది. డాక్టరు రెండున్నర రెట్లు పెద్దగా చూపించే లూప్స్ (కళ్ళజోడు లాంటి భూతద్దాలు) పెట్టుకుంటే సరిపోతుంది.

ముందు పళ్ళ దగ్గర చిగురు జారి వేరు బయటపడినా, పంటి పక్కన ఎముకలో లోతైన సన్నటి గుంట పడినా మైక్రోకి పెట్టిన డబ్బు వృథా కాదు. ఎందుకంటే అక్కడ ఫలితమంతా కుట్టులో ఉంటుంది. మామూలుగా వాడేది 3-0, 4-0 సిల్కు దారం (ఈ మొదటి అంకె పెరిగేకొద్దీ దారం సన్నం). అది పేనిన దారం కాబట్టి ఎంగిలినీ క్రిముల్నీ లోపలికి పీలుస్తుంది, గట్టిగా లాగితే చిగురే చిరుగుతుంది. మైక్రోలో 6-0, 7-0 నైలాన్ లాంటి ఒంటిపోగు దారం. 7-0 అయితే ఎక్కువ లాగినప్పుడు ముందు దారమే తెగుతుంది, చిగురు నిలుస్తుంది. సూది నిటారుగా దిగి, రెండంచులకీ సమాన దూరంలో పడాలి. అంచులు సందు లేకుండా కలిస్తే రక్తనాళాలు త్వరగా అతుక్కుంటాయి, మొదటి రోజుల్లో నొప్పీ తక్కువే. ఒక అంచు మీదికెక్కితే మాత్రం ఏ మైక్రోస్కోపూ కాపాడదు.

క్లీనింగ్ చేపిస్తే పళ్ళు కదులుతాయని మన వైపు అంటా ఉంటారు. ఈ మాట వల్ల పోయే పళ్ళకు లెక్కలేదు. ఎముక అరిగి అప్పటికే వదులైన పంటిని గార పట్టుకుని ఉంటుంది, అంతే. స్కేలింగ్ (గార తీసే క్లీనింగ్), రూట్ ప్లానింగ్ (వేరుని గీకి నునుపు చేయడం) అయ్యి 4 నుంచి 6 వారాల తర్వాత పాకెట్లు మళ్ళీ కొలవకుండా ఆపరేషన్ అంటే ఒప్పుకోకండి. చాలా పాకెట్లు అప్పటికే తగ్గిపోయి ఉంటాయి.

నాన్నగారికి చుట్టో బీడీయో ఉంటే ముందు అది ఆపించండి. పొగ చిగురుకి రక్తం తగ్గిస్తుంది, అతికించిన చిగురు నిలవదు. షుగర్ ఉంటే మూడు నెలల సగటు పరీక్ష చేయించండి. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు కుట్ల చోట బ్రష్ పెట్టకూడదు, 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మిల్లీలీటర్లు పొద్దున, రాత్రి ఒక్కో నిమిషం పుక్కిలించాలి. మిగతా పళ్ళు పేస్టుతో తోమిన అరగంటకి గానీ అది వాడొద్దు, పేస్టులోని నురగ పదార్థం దాని పని చెడగొడుతుంది.