తగరం గనుల్లో తగరం ఒక్కటే ఉంటుందా, వేరే ఖనిజాలు కూడా దొరుకుతాయా?

వేరేవే ఎక్కువ ఉంటాయండి. చైనాలో గ్వాంగ్‌షీ ప్రాంతం, నాన్‌దాన్ కౌంటీలో డాచాంగ్ అని పెద్ద గనుల ప్రాంతం ఉంది, దాన్నే చూద్దాం. అక్కడ తగరం ముఖ్యంగా కాసిటరైట్ రూపంలో ఉంటుంది, అంటే టిన్ ఆక్సైడ్, ముదురు గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది, సైజుకి మించిన బరువు. మామూలు క్వార్ట్జ్ రాయి సాంద్రత నీటికి 2.65 రెట్లు అయితే దీనిది దాదాపు 7 రెట్లు, అందుకే రాయిని పొడి చేసి నీళ్ళలో ఊపితే ఇది అడుగున నిలుస్తుంది, తేలిక రాయి కొట్టుకుపోతుంది.

దీనితోపాటే సల్ఫైడ్లు, అంటే లోహాలు గంధకంతో కలిసిన ఖనిజాలు, బోలెడు. జింక్ ఇచ్చే స్ఫాలరైట్, ఇనుముతో పైరైట్, పైరోటైట్, ఇంకా ఆర్సెనోపైరైట్, దీన్ని సుత్తితో కొడితే వెల్లుల్లి వాసన వస్తుంది, అది ఆర్సెనిక్ వల్ల. నాకైతే అన్నిటికంటే నచ్చేది జేమ్సనైట్, బూడిద రంగులో సన్నని సూదుల్లా పెరుగుతుంది, సీసం, యాంటిమొనీ రెండూ అందులోనే ఉంటాయి. కొద్దిగా స్టానైట్ కూడా ఉంటుంది, రాగి, ఇనుము, తగరం కలిసిన సల్ఫైడ్ అది.

ఇన్ని ఒకేచోట ఎందుకంటే, క్రెటేషియస్ కాలంలో, అంటే డైనోసార్ల చివరి యుగంలో, కింద గ్రానైట్ కరిగిన రూపంలో చొచ్చుకొచ్చినప్పుడు వేడి ద్రవాలు పైనున్న, అంతకంటే చాలా పాతవైన డెవోనియన్ కాలపు సున్నపురాళ్ళ పగుళ్ళలోకి ఎక్కి, చల్లారేకొద్దీ ఒక్కో ఖనిజాన్ని వదిలేశాయని ఎక్కువమంది జియాలజిస్టులు చెప్పే వివరణ. స్ఫాలరైట్ లోపల ఇండియం కూడా దాక్కుని ఉంటుంది, మన ఫోన్ టచ్‌స్క్రీన్ మీద పల్చటి పూతలో వాడే లోహం అదే.