బిట్‌కాయిన్ చెల్లింపుల రద్దీ గురించి మేనల్లుడికి

చిరంజీవి శ్రవణ్‌కు మామ ఆశీస్సులు.

నల్లగొండ ఐటీ టవర్‌ల మీ ఆఫీసు నుంచి పోయే బిట్‌కాయిన్ చెల్లింపులు రద్దీ రోజుల్ల గంటలకొద్దీ ఆగుతున్నయని, ఇంకో సర్వర్ పెడదామనుకుంటున్నవని రాసినవ్. జర ఆగు. సర్వర్‌తో తీరేది కాదిది.

వరి కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లుల ముంగట ట్రాక్టర్లు బారులు తీరుతయి. జాగ పెంచితే ఇంకిన్ని ట్రాక్టర్లు నిలబడతయి గానీ మర జోరు పెరగదు. నీ నోడ్‌ల (బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌కు కలిసిన నీ కంప్యూటర్‌ల) మెంపూల్, అంటే చెల్లింపులు ఎదురుచూసే జాగ, గూడ గంతే. మామూలుగ 300 ఎంబీ ఉంటది, నిండితే తక్కువ ఫీజువి బయటికి తోసేస్తది. దాన్ని 1,000 చేసినా, చెల్లింపులు పక్కా అయ్యే మూట, అంటే బ్లాక్, వచ్చేది సగటున 10 నిమిషాలకొకటే, పట్టేది 40 లక్షల వెయిట్ యూనిట్లే, అంటే 10 లక్షల వర్చువల్ బైట్లు (ఫీజు లెక్కకట్టే సైజు ఇదే, కింద బైట్లంటే ఇవే). ఒక్కో చెల్లింపుకు ఎన్ని బైట్లు వాడుతున్నవో అదే నీ చేతుల ఉన్నది.

మొదలు అడ్రసులు చూడు. 1తో మొదలయ్యే పాత అడ్రసుల పైసలు ఖర్చు పెడితే ఒక్కో ఇన్‌పుట్ (లావాదేవీల ఖర్చు పెట్టే పైసల ముక్క) 148 బైట్లు తింటది. బీసీ1క్యూతో మొదలయ్యే సెగ్విట్ (తక్కువ జాగ తినే పద్ధతి) అడ్రసైతే 68. సెగ్విట్ 2017 ఆగస్టులనే అమలైంది, ఇంకా పాతవి పట్టుకోని కూసునుడు దండుగ.

అసలు లాభం బ్యాచింగ్‌ల, అంటే చానామందికి ఒక్క లావాదేవీల కట్టుడుల, ఉంది. ఒక ఇన్‌పుట్, రెండు అవుట్‌పుట్‌ల (పైసలు పోయే చోట్లు) సెగ్విట్ లావాదేవీ దాదాపు 141 బైట్లు. 50 మందికి విడివిడిగ పంపితే 7,050. ఒక్కదాంట్లనే కడితే పై భాగం పదిన్నర, ఇన్‌పుట్ 68, నీకు తిరిగొచ్చే చిల్లరతో కలిపి 51 అవుట్‌పుట్‌లకు 31 చొప్పున 1,581. మొత్తం 1,660. ఫీజు బైటుకు 100 సతోషీలు (బిట్‌కాయిన్‌ల పది కోట్ల వంతు ఒక సతోషీ) ఉన్న రోజు 7,05,000 బదులు 1,66,000తోటి పనైతది. కానీ నీ వాలెట్‌ల చిన్నచిన్న ముక్కలే ఉంటే, 30 ఇన్‌పుట్‌లకే 2,040 బైట్లు పోతయి, లాభం చానా తగ్గుతది. అందుకే ఫీజు 1, 2 సతోషీలకు దిగినప్పుడు ఆ ముక్కలన్నీ ఒక్క అడ్రసుకు ఊడ్చి పెట్టుకో. ఆ అడ్రసులన్నీ ఒక్కరివేనని చూసేటోళ్లకు తెలిసిపోతది, అది యాదుంచుకో.

ఇగ ఇరుక్కున్నదాన్ని విడిపించుడు. ప్రతి లావాదేవీకీ ముందే ఆర్‌బీఎఫ్ (ఫీజు పెంచి మార్చుకునే వీలు) గుర్తు పెట్టి పంపు. ఫీజు పెంచి మల్ల పంపేటప్పుడు కనీసం ఒక పాత ఇన్‌పుట్ అదే ఉండాలె. వేరే ఇన్‌పుట్‌లతోటి కొత్తది కట్టి పంపినవనుకో, రెండూ బ్లాక్‌ల పడతయి, కస్టమర్‌కు రెండుసార్లు కట్టినట్టైతది. కంగారుల చానామంది ఇక్కడనే నష్టపోతరు. మీకు రావాల్సిన పైసలు ఇరుక్కుంటే మాత్రం పిల్ల లావాదేవీ, అంటే ఆ ఇరుక్కున్న పైసలనే ఎక్కువ ఫీజుతోటి ఖర్చు పెట్టేది, కట్టాలె. 141 బైట్ల తల్లి (ఇరుక్కున్నది) బైటుకు 5 చొప్పున 705 సతోషీలే కట్టింది, నీకు రెండిటికీ కలిపి బైటుకు 60 కావాలె అనుకో. 110 బైట్ల పిల్లతోటి కలిపితే 251 బైట్లు, 15,060 సతోషీలు. తల్లి కట్టింది తీసేస్తే పిల్ల మీద 14,355 పెట్టాలె. ఇంకా పక్కా కాని చిల్లరను గొలుసుగ ఖర్చు పెడుతూ పోకు, ఆ గొలుసు 25 దాటితే చానా నోడ్‌లు తీసుకోవు.

నోడ్ చెప్పే ఫీజు అంచనాను గుడ్డిగ నమ్మొద్దు. అది గడిచిన బ్లాకులను చూసి చెప్తది, రద్దీ ఒక్కసారిగ ఎగబడితే వెనకబడతది. 2024 ఏప్రిల్‌ల హాల్వింగ్ (బ్లాక్ బహుమతి సగమయ్యే రోజు) నాడు రూన్స్ (బిట్‌కాయిన్ మీద టోకెన్లు చేసే పద్ధతి) మొదలై ఫీజులెట్ల ఎగిరినయో తెలుసు గద. మెంపూల్‌ల పై వరుస ఎంత కడుతున్నదో చూసి పెట్టు.

రోజువారీ చిన్న చెల్లింపులను లైట్నింగ్‌కు (బ్లాక్ బయట, ఇద్దరి మధ్య తెరిచే చానెల్‌ల మీద నడిచే చెల్లింపులు) మార్చు. చానెల్ తెరుచుడు గూడ బ్లాక్‌ల పడాల్సిందే, ఫీజు తక్కువున్న వారంల తెరిచి పెట్టుకో. నువ్వు పైసలేసిన చానెల్‌ల పంపుడు నడుస్తది, వచ్చుడు మాత్రం నువ్వు కొంత ఖర్చు పెట్టినంకనే. కరెంటు పోయి నోడ్ పడిపోతే గడువు దాటి చానెల్ బలవంతంగ మూతపడొచ్చు, అదీ రద్దీల పడితే మోపెడు ఫీజు. ఇన్వర్టర్, రెండో కంపెనీ ఇంటర్నెట్ లైను పెట్టు. వాచ్‌టవర్‌ను (నీ నోడ్ పడిపోయినప్పుడు చానెల్‌ల మోసం జరగకుండ కాపలా కాసేది) ఆ ఆఫీసుల గాక వేరే ఊర్ల నడిపించు.

ఈ వారం ముందుగాల వాలెట్‌ల ముక్కలెన్నున్నయో లెక్కదీసి నాకు రాయి.

మీ మామ,
దేవరకొండ